ఐసు ఫ్యాక్టరీ దగ్గర దిగిపోయే సాయిబు

గత మార్చి నుంచి ఈ జనవరి వరకు నా నమోదులు, ఉన్నవి ఉన్నట్టుగా:

మార్చి, రెండో శనివారం. పొద్దుటి బస్సులో సాయిబు దూది ఏకే విల్లుకు లగేజీ టికెట్టు కొట్టారు. విల్లు ఎవరి సీటునూ ఆక్రమించలేదు. ఆయన రెండు మోకాళ్ళ మధ్య నిలబడి ఉంది.

మే, ఎండలు ముదిరిన మూడో వారం. ఐసు ఫ్యాక్టరీ స్టేజీ నుంచి పాళెం దాకా మిట్టమధ్యాహ్నపు నడక. రోడ్డుకు రెండు వైపులా రొయ్యల గుంటలే, నీడ లేదు. ఆయన ఎడమ కాలి బొటనవేలి కింద బొబ్బ.

జులై, చివరి మంగళవారం. బొబ్బ పుండైంది. షుగరు ఉన్నందున నెల్లూరు పెద్దాసుపత్రికి రోజు విడిచి రోజు రమ్మన్నారు. నడవవద్దన్నారు. నడిచే వెళ్ళారు.

సెప్టెంబరు, మొదటి సోమవారం. బస్సు డిపోలో అర్జీ ఇచ్చాము. "చూస్తాం" అన్నారు.

అక్టోబరు, వాయుగుండం పట్టిన వారం. మామూలు బస్సు రాలేదు. ఆ వేళకు ఎక్స్‌ప్రెస్ వచ్చింది. చార్జీ ఎక్కువ, పాళెంలోనూ ఆగదు, ఐసు ఫ్యాక్టరీ దగ్గరా ఆగదు. ఆసుపత్రిలో కట్టు మార్చుకోవడం తప్పిపోయింది.

నవంబరు, నాలుగో బుధవారం. ఎడమ పాదం తీసేశారు.

జనవరి, చివరి వారం. వైకల్య పరీక్షకు హాజరు కమ్మని ఆయన ఫోనుకు సందేశం వచ్చింది. అది వచ్చేనాటికి మనిషి లేరు.

ఈ నష్టాలలో ఏ ఒక్కటీ నాది కాదు. వీటిని పడిన మనిషి ఒక్కనాడూ ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. చేయమని నన్నూ అడగలేదు. నేను కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. తూము ఎప్పుడు ఎత్తారు, ఎప్పుడు దించారు, గండి ఎక్కడ పడింది అన్నది ఆ రోజే రాసుకోకపోతే, మర్నాటికి ప్రతివాడూ తనకు అనుకూలమైన కథ చెబుతాడు. ఆ భయం ఉద్యోగంతోపాటు నన్ను వదిలిపోలేదు. ఆయన పోయాక, "షుగరు ముదిరి పోయినాడు పాపం" అని ఒకే ఒక్క మాటలో అందరూ ఆ మరణాన్ని చుట్టిపెట్టేస్తుంటే, నా రాతలు బయటికి తీయక తప్పింది కాదు.

ఆయన పేరు రాయను. పేరు రాస్తే ఇది ఒక్క మనిషి సంగతిగా మిగిలిపోతుంది. ఊళ్ళో అందరికీ ఆయన పరుపుల సాయిబు. దూదేకులవారు. మసీదులో నమాజు, ఇంట్లో తెలుగు. కోపం వచ్చినా తెలుగే, నవ్వు వచ్చినా తెలుగే. నెల్లూరు వీధుల్లో పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి, మళ్ళీ కూరి కుట్టి ఇచ్చేవారు. స్పాంజి పరుపులు వచ్చి ఆ పని సన్నబడింది కానీ, పూర్తిగా పోలేదు. అమ్మ పడుకున్న పరుపును పారేయడానికి మనసొప్పని ఇళ్ళు నెల్లూరులో ఇంకా ఉన్నాయి. ఆయన బతుకు ఆ ఇళ్ళ మీద నడిచింది.

బస్సెక్కగానే ఆయన కూర్చునేవారు కాదు. ముందు సీటును అరచేత్తో చరిచేవారు. తర్వాత బొటనవేలితో నొక్కి, వేలు తీసి, పడ్డ గుంట నిండుతుందా లేదా అని తల వంచి చూసేవారు. ఆ పరీక్ష అయ్యాకే కూర్చోవడం. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నా తొందరపడేవారు కాదు.

"ఏం సాయిబూ, బాగుండాదా పరుపు?" అని డ్రైవరు అద్దంలోంచి అడిగేవాడు.

"ఇది పరుపు గాదు నాయనా, పాపాల మూట. దీంట్లో దూది తప్ప అన్నీ ఉండాయి."

విల్లు ఆయనంత ఎత్తు. ఎక్కేటప్పుడు ఎవరి తలకో ఒకరి తలకు తగిలేది. "తగల్లేదమ్మా, దీవించింది" అనేవారు. మార్చిలో దానికి టికెట్టు కొట్టిన నాడు నేను అదే బస్సులో ఉన్నాను. కండక్టరు కొత్తగా వచ్చిన అమ్మాయి.

"తాతా, దీనికి లగేజీ కొట్టాల. రూలు."

"కొట్టమ్మా, వద్దన్నానా? అయితే దానికీ ఒక సీటు చూపించు. అది గూడా ముసిల్దే."

బస్సంతా నవ్వింది. ఆ అమ్మాయీ నవ్వింది. నవ్వుతూనే టికెట్టు కొట్టింది. ఆయన ఆ కాగితాన్ని జేబులో పెట్టుకోలేదు. సన్నగా మడిచి విల్లు నారికి కట్టారు. "టికెట్టు దానిది గదా, దాని దగ్గరే ఉండాల" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటికి వచ్చి రాసుకున్నాను. నేను అలా రాసుకుంటానని ఆయనకు తెలుసు. "మీరు గడ్డకట్టినారయ్యా" అనేవారు. "కోపం పెట్టుకున్న మనిసీ, ఏండ్ల తరబడి విప్పని పరుపూ ఒకటే. మిమ్మల్ని విప్పి ఒక పూట ఎండలో పెట్టాల."

బస్సు ఎక్కే అవసరం లేని పాఠకుల కోసం స్టేజీ సంగతి ఇక్కడ చెప్పవలసి ఉంది. మామూలు బస్సులో చార్జీ మనం దిగిన చోటును బట్టి ఉండదు, స్టేజీని బట్టి ఉంటుంది. రెండు స్టేజీల నడుమ ఎక్కడ దిగినా ముందున్న స్టేజీ దాకా కట్టవలసిందే. నెల్లూరు నుంచి సముద్రం వైపు వచ్చే మా రోడ్డులో ఒక స్టేజీ ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఉంది. తర్వాతది మా ఊళ్ళో. సాయిబుగారి పాళెం ఈ రెండింటి నడుమ, ఐసు ఫ్యాక్టరీ దాటాక ఇంచుమించు మైలు దూరంలో ఉంది. పాళెంలో దిగేవాడు మా ఊరి దాకా చార్జీ కట్టాలి. ఐసు ఫ్యాక్టరీ దగ్గరే దిగిపోతే అయిదు రూపాయలు తగ్గుతుంది.

ఒకప్పుడు వేటకు పోయే పడవలకు అక్కడ ఐసు దిమ్మెలు ఇచ్చేవారు. పనివాళ్ళు దిగేవారు, ఎక్కేవారు. అందుకని స్టేజీ పెట్టారు. ఫ్యాక్టరీ మూతబడి చాలా కాలమైంది. పైకప్పు లేదు. గోడల నడుమ సర్కారు తుమ్మ పెరిగింది. పనిచేయని గోడలకు స్టేజీ ఉంది, కాపురాలున్న పాళేనికి లేదు. ఈ వాక్యం నా అర్జీలో కూడా ఉంది. మరీ ఘాటుగా ఉందని, కొట్టేయమని సలహా చెప్పిన మిత్రులున్నారు. కొట్టేయలేదు.

పాళెం జనం దీన్ని ఒక అన్యాయంగా చూడటం ఎప్పుడో మానేశారు. అది వాళ్ళకు ఆచారమైపోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అత్త మొట్టమొదట నేర్పేది ఇదే: బస్సు మన గుమ్మం ముందే పోతుంది, కానీ మనం ఎక్కేదీ దిగేదీ అక్కడ కాదు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర బస్సు ఆగగానే పాళెం మనుషులంతా ఎవరూ చెప్పకుండానే లేస్తారు. బుట్టలు, సంచులు, చంకన పిల్లలు. తమ ఊరికి పోయే బస్సును ముందుకు పోనిచ్చి, దాని వెనకాల తమ ఊరికి నడుస్తారు. నేను వాళ్ళను దాటిపోయే బస్సులో కూర్చుని ఉండేవాణ్ణి. కిటికీలోంచి సాయిబు కనబడేవారు. విల్లు భుజాన వేసుకుని, మడమలు ముందు ఆనించి, రోడ్డును కూడా నొక్కి పరీక్షిస్తున్నట్టు నడిచేవారు.

ఆగస్టులో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం నేను నెల్లూరులో చర్చి ముగించుకుని మధ్యాహ్నం బస్సులో వస్తున్నాను. సాయిబూ, ఆయన భార్యా ఎవరింట్లోనో నిశ్చితార్థం చూసుకుని, పనిలో పనిగా ఒక పరుపు ఏకి ఇచ్చి, విల్లుతో సహా అదే బస్సు ఎక్కారు. ఐసు ఫ్యాక్టరీ వచ్చింది. అలవాటు చొప్పున పాళెం వాళ్ళంతా లేచారు. ముందు సీట్లోని ఒకావిడ నిలబడ్డదల్లా గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది. ఆమెను చూసి ఇంకొకావిడ. అలా ఆడవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు నవ్వుకుంటూ కూర్చున్నారు. మగవాళ్ళు మాత్రం దిగారు.

"ఏం మామా," అని కిటికీలోంచి ఒక పడుచు అరిచింది, "గవర్మెంటు మాకు బస్సిచ్చింది, మీకు దేవుడు కాళ్ళిచ్చినాడు గదా! నడవండి!"

"నడుస్తాం గానీ, పోయి గమ్మున పడుకోకండి. అన్నం వార్చండి!" అని కింది నుంచి ఎవరో అన్నారు.

సాయిబు భార్య తల బయటికి పెట్టింది. "ఏందయ్యా అట్టా చూస్తా నిలబడినావు? ఆ సంచి ఇటియ్యి. అదన్నా బస్సులో వస్తది."

ఆయన సంచి అందించారు. తర్వాత విల్లునూ కిటికీలోకి ఎక్కించారు. "దీన్ని గూడా తీసుకుపో. నీ తోడు అని చెప్పు, ఫ్రీగా రానిస్తారు."

ఆ రోజు నేనూ దిగాను. ఎందుకు దిగానో ఆయన అడగలేదు. బస్సు కదిలి, దాని వెనక లేచిన దుమ్ము రొయ్యల గుంటల మీద పడేదాకా ఆయన చూస్తూనే ఉన్నారు.

"ఇన్నేండ్లూ నా యెనకాల నెత్తిన మూట పెట్టుకోని నడిచింది అయ్యా. ఇప్పుడు కూసోని పోతావుండాది. చూసేదానికి బాగుండాది."

"మరి మీరు?"

"ఒకరి కాళ్ళు మిగిలినాయి గదా."

ఈ మాటను నేను చాలా రోజులు ఆలోచించాను. ఉచిత ప్రయాణాన్ని ఎగతాళి చేసేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ పక్కన నేను నిలబడను. ఆ ఆదివారం కిటికీల్లో చూసిన ముఖాలను చూసినవాడెవడూ నిలబడడు. నా కోపం ఇచ్చినదాని మీద కాదు. ఇచ్చిన తర్వాత, ఇంకెవరు మిగిలారని లెక్క చూడకపోవడం మీద. అందరికీ ఒకే టికెట్టు కాబట్టి అది సమానం అంటారు. ఊరందరికీ ఒకే కొలత చొక్కా కుట్టించి సమానంగా పంచామని చెప్పే దర్జీని మనం మెచ్చుకుంటామా?

తేడా డబ్బులు నేను కడతానని ఒకసారి అన్నాను. ఆయన నొచ్చుకోలేదు కానీ, తల అడ్డంగా ఊపారు. "మీరిస్తే అది టికెట్టు గాదయ్యా, సాయం. రోజూ సాయం తీసుకున్నానంటే, మీరెక్కిన బస్సు చూసి నేను దాక్కోవాల." విల్లుకు టికెట్టు కొట్టిన కండక్టరమ్మాయి కూడా తర్వాత్తర్వాత మెత్తబడింది. పుండు పడ్డ కాలితో ఆయన లేస్తుంటే చేయి అడ్డం పెట్టింది.

"కూసో తాతా. పాళెంలో దిగుదువు గానీ. ఎవురు చూస్తారు?"

"నువ్వు చూస్తివి గదమ్మా."

"నేను చూడలా. సరేనా?"

"ఇట్నే ఒక పిల్లోడు కూసోమన్నాడు బిడ్డా, శానా రోజుల కిందట. చెకింగోళ్ళు ఎక్కినారు. నాదేముంది, ఫైను కట్టి నడిచినా. వాడికి మెమో ఇచ్చినారు. పెండ్లి కావాల్సిన పిల్లోడు." అని దిగిపోయారు. ఆ అమ్మాయి ఆయన రెండు కాళ్ళూ నేల మీద ఆనాకే రైట్ చెప్పింది.

వృద్ధులకు రాయితీ ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. నాకు వస్తుంది. పింఛను వచ్చే నేను తక్కువ చార్జీతో కూర్చుని పోతాను. నాకంటే పెద్దవాడైన సాయిబు నిండు టికెట్టు కొని సగం దారిలో దిగుతారు. కారణం ఆయన ఆధార్ కార్డు. ఆ కార్డులు దిగిన రోజుల్లో పాళెంలో ఒక పుకారు పుట్టింది: వయసు ఎక్కువ రాయిస్తే ఉపాధి పనికి రానివ్వరని. పాళెంలో సగం మంది ముసలివాళ్ళు వయసు తగ్గించి చెప్పారు. సాయిబు అందరికంటే ఉత్సాహంగా తగ్గించారు. గడ్డానికి గోరింటాకు కూడా పెట్టుకుని వెళ్ళారట.

"ఫోటో తీసే పిల్లోడు నమ్మినాడయ్యా! 'ఏం మామా, ఇంకా కుర్రోడివే' అన్నాడు. ఆ రోజు మా ఇంట్లో పాయసం."

ఆ పాయసం ఖరీదు తర్వాత తెలిసింది. కార్డు ప్రకారం ఆయనకు ఇంకా అరవై నిండలేదు. బస్సులో రాయితీ లేదు. వృద్ధాప్య పింఛనూ లేదు. దిద్దించుకోవాలంటే పుట్టిన తేదీకి రుజువు తెమ్మంటారు. ఆయన పుట్టినప్పుడు రాసి పెట్టినవాళ్ళెవరూ లేరు, బడికి పోలేదు. "మా అమ్మ ఉంటే చెప్పేది" అనేవారు. అది రుజువు కాదు.

ఇక పుండు సంగతి. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నర్సు కట్టు కడుతుంది. కానీ షుగరు పుండులో చచ్చిన కండను ఎప్పటికప్పుడు తీసేయాలంటే పెద్దాసుపత్రికి పోవలసిందే. అక్కడి డాక్టరు, "ఆ పాదం మీద బరువు మోపొద్దు, నడిస్తే మానదు" అని గట్టిగా చెప్పారు. చెప్పడంలో ఆయన తప్పేమీ లేదు. కానీ ఆసుపత్రికి పోవడానికే నడవాలి అన్నది ఆయనకు ఎవరు చెప్పాలి?

అర్జీ కోసం ఆ రోడ్డును ఒకసారి కొలవాలనుకున్నాను. ఐసు ఫ్యాక్టరీ దగ్గర సాయిబుతోపాటు దిగాను. అప్పుడు దగ్గరగా చూశాను ఆయన పాదం. కట్టు మీద ఇంకొకటి ఉంది: పాదమంత పరుపు. పాత దుప్పటి గుడ్డను పాదం ఆకారంలో కత్తిరించి, బూరుగు దూది కూరి, అంచులు మడిచి, నడుమ నడుమ దారంతో పొడిచి బిగించి, అచ్చం పెద్ద పరుపును కుట్టినట్టే కుట్టారు. నాడాలతో కాలికి కట్టుకున్నారు. నా జీవితంలో అంత చక్కని కుట్టుపని చూడలేదు.

మధ్యలో ఒక కల్వర్టు ఉంది. దాని గోడ మీద కూర్చున్నాము. ఆయన కాలు ఎత్తి నాకు చూపించారు, కొత్త చెప్పులు చూపించే పిల్లవాడిలా.

"ఎట్టా ఉండాది? ఊరందరికీ కుట్టినా. దీనికి ఎప్పుడూ కుట్టలా. అందుకే అలిగింది."

"డాక్టరుకు చూపించారా?"

"నర్సమ్మ తిట్టింది. దూది పుండుకి అంటుకుంటదంట. నేను అంటుకోనీను గదా! మధ్యలో గుడ్డ పెట్టినా."

"సాయిబుగారూ, ఇంత కష్టం అయిదు రూపాయలకా?"

ఆయన నవ్వలేదు. అది నాకు కొత్త.

"పోయేటప్పుడు అయిదు, వచ్చేటప్పుడు అయిదు. అది ఒక టీ, ఒక బన్ను అయ్యా. ఆడ చీటీ లైను, డాక్టరు లైను, మందుల లైను. మధ్యాన్నం దాటుద్ది. షుగరోళ్ళు ఆకలితో ఉంటే కండ్లు తిరిగి పడతారంట. మొన్న ఒకాయన పడినాడు. పడకుండా ఉండాలంటే తినాల. తినాలంటే నడవాల. నడిస్తే మానదంటారు." కాలు కిందికి దించి, లేచి, పాదాన్ని ఒకసారి మెల్లగా నేలకు నొక్కి చూసుకున్నారు. "పదండి. మీ కొలత చెడిపోద్ది."

ఆ రోడ్డు కొలతను అర్జీకి జత చేశాను. సోమవారం డిపోకు ఇద్దరం వెళ్ళాము. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. అర్జీ చదివాడు. ఐసు ఫ్యాక్టరీ అన్న చోట ఆగి, "అది ఇంకా ఉందా సార్?" అని నన్నే అడిగాడు.

"ఫ్యాక్టరీ లేదు. మీ స్టేజీ ఉంది."

"స్టేజీ మార్చడం మా చేతిలో లేదండీ. పైకి రాయాలి, చూస్తాం. ఒకచోట మారిస్తే అన్ని ఊళ్ళూ అడుగుతాయి. అయినా అయిదు రూపాయలే కదా సార్, మీరు చెప్పేది."

నేను జవాబు చెప్పబోతున్నాను. ఈలోగా సాయిబు లేచి, అధికారి కుర్చీ పక్కకు వెళ్ళి, ఆయన వీపు వెనక ఉన్న దిండును బొటనవేలితో నొక్కారు.

"అయ్యా, దీంట్లో దూది గడ్డకట్టింది. మీకు నడుం నొప్పి ఉండాల."

అధికారి తెల్లబోయాడు. "ఉంది. ఎలా తెలుసు?"

"మనుసులు కూసునే పద్ధతి చూస్తే తెలుస్తది. విప్పి ఏకి ఇస్తా. ఇంటో పరుపు ఉంటే అదీ తీసుకు రమ్మనండి."

నిజంగానే ఆ వారం ఆయన అధికారి ఇంటికి వెళ్ళి రెండు పరుపులు, నాలుగు దిండ్లు చేసి వచ్చారు. అధికారి భార్య భోజనం పెట్టింది. కూలి అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చింది. ఆ ఇంట్లోవాళ్ళు మంచివాళ్ళని సాయిబు పదిమందికి చెప్పారు. నేనూ కాదనను. మా అర్జీ మాత్రం ఎక్కడ ఉందో అక్కడే ఉంది. మంచివాడి బల్ల మీద కూడా కాగితం కదలకుండా ఉండగలదని తెలిసినవాణ్ణి కాబట్టి, నాకు ఆశ్చర్యం కలగలేదు. కోపం కలిగింది.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. మామూలు బస్సు రాలేదు. ఎక్స్‌ప్రెస్ ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆగకుండా పోతుంటే, సాయిబు వానలో చాలాసేపు చేయి ఎత్తి నిలబడ్డారట. అది ఆయన భార్య చెప్పింది. తడిసిన బూరుగు దూది త్వరగా ఆరదు. పరుపులవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఆయన దాన్ని విప్పలేదు. విప్పితే ఉత్త కట్టుతో ఆ నీళ్ళలో ఇంటికి నడవాలి. ఇంటికి చేరి అలాగే పడి నిద్రపోయారు, తడి పరుపు రాత్రంతా పుండుకు ఆనుకుని ఉంది. జ్వరం వచ్చింది. ఆసుపత్రికి చేర్చేసరికి పాదం నల్లబడుతోంది. నవంబరు దాకా మందులతో కాపాడాలని చూశారు, కాలేదు.

"ఈ దూది కట్టుకోవడం వల్లే ఇంత దూరం వచ్చింది" అని డాక్టరు అన్నారు. వైద్యం దృష్టిలో అది నిజం. కానీ అక్కడితో ఆగిపోయే నిజం కాదు. ఆయన దూది ఎందుకు కట్టుకున్నారు? నడవడానికి. ఎందుకు నడిచారు? బస్సు ఆయన గుమ్మం ముందు ఆగుతుంది కానీ, ఆగినందుకు ఆయన ఇవ్వలేనిది అడుగుతుంది కాబట్టి. గండి పడినప్పుడు నీళ్ళను తప్పుపట్టి ఇంటికి పోయే ఇన్‌స్పెక్టరును నేను నా సర్వీసులో క్షమించలేదు.

పాదం తీసేశాక పాళేనికి చూడబోయాను. నులక మంచం మీద, తాను కుట్టిన పరుపు మీదే కూర్చుని ఉన్నారు. మోకాలి కింద కట్టు. గడ్డానికి గోరింటాకు వెలిసి తెల్లబడింది.

"కాలు తీసినోళ్ళకి బస్సులో రాయితీ ఉండాదంట. నిజమా అయ్యా?"

"నిజమే. వైకల్య ధ్రువపత్రం తెచ్చుకోవాలి. దరఖాస్తు నేను పెడతాను."

"కాలుంటే ఫుల్లు టికెట్టు, కాలు పోతే తగ్గింపు. ముందే చెప్పుంటే బేరమాడేవాణ్ణి. ఒక వేలు తీసుకోని ఒక స్టేజీ తగ్గించండయ్యా అని."

"గమ్మునుండవయ్యా, పాడు మాటలూ నువ్వూ" అంది ఆయన భార్య. అని మొహం తిప్పుకుంది. ఆయన మాత్రం ఒళ్ళు కదిలేలా నవ్వారు. నవ్వి, నా మొహం చూసి, "మళ్ళీ గడ్డకట్టినారు మీరు" అన్నారు.

అదే ఆఖరు. పుండు పైకి పాకింది. జనవరిలో ఒక తెల్లవారుజామున పోయారు. పరీక్షకు రమ్మన్న సందేశం తర్వాత వచ్చింది. ఆయన భార్య ఆ ఫోను పట్టుకుని ఉచిత బస్సులో మా ఊరికి వచ్చి, అందులో ఏముందో చదివి చెప్పమంది. చదివాను. "ఇప్పుడు ఏమని చెప్పాల వాళ్ళకి?" అని అడిగింది.  జవాబు చెప్పవలసినవాణ్ణి నేను కాను.

కావున, ఈ రచన ప్రతిని, మా పాత అర్జీ నకలును, రోడ్డు కొలతను జతపరచి, మా మార్గంలో బస్సులు నడిపే డిపో అధికారిగారికీ, వారి పై అధికారులకూ పంపుతూ ఈ క్రింది సంగతులు అడుగుతున్నాను. మూతబడిన ఐసు ఫ్యాక్టరీకి స్టేజీ ఉండగా, మనుషులున్న పాళేనికి ఎందుకు లేదు? పాళెం వరకు ఐసు ఫ్యాక్టరీ చార్జీయే వసూలు చేయడానికి ఏ నిబంధన అడ్డు వస్తున్నది? కార్డు మీది వయసును బట్టి, పోయిన అవయవాన్ని బట్టి రాయితీ ఇవ్వగలిగిన సంస్థ, చేతిలోని ఆసుపత్రి చీటీని బట్టి, ఇంటి పేదరికాన్ని బట్టి ఎందుకు ఇవ్వలేకపోతున్నది? పాళెంలో పుండ్లున్న కాళ్ళు ఇంకా ఉన్నాయి. అవి రేపు పొద్దున కూడా ఆ రోడ్డు మీద నడుస్తాయి. అందుచేత ఈ ప్రశ్నలు చనిపోయినవారి కోసం అడిగినవని భావించవద్దు.

వీటికి సమాధానం లిఖితపూర్వకంగా, హోదా, సంతకం, తేదీలతో నెల రోజులలోగా ఇప్పించవలసినదిగా కోరుతున్నాను. కాదన్నా సరే, కాదని రాసి సంతకం చేయాలి. సమాధానం నాకు పంపనక్కరలేదు. పాళెంలో ఆయన భార్యకు ఇవ్వాలి. ఆమెకు చదువు రాదు కనుక, తమ కార్యాలయం నుంచి బాధ్యత గల వ్యక్తి ఎవరైనా ఆ కాగితం తీసుకుని మధ్యాహ్నం బస్సులో వచ్చి, ఐసు ఫ్యాక్టరీ స్టేజీ దగ్గర దిగి, పాళెం దాకా నడిచి, ఆమె ఎదుట నిలబడి చదివి వినిపించవలసినదిగా డిమాండు చేస్తున్నాను.